ఆడపిల్లల స్నేహానికి గడువు పెట్టే కథలు: అమెరికన్ సమ్మర్ క్యాంపు నవల ఎలా పనిచేస్తుంది

ఆడపిల్లల స్నేహం మీద నవల రాయడం పైకి కనిపించేంత తేలిక కాదు. ప్రేమకథకు దారి ముందే వేసి ఉంది: చూపులు, మాటలు, అడ్డంకులు, చివరికి పెళ్లో ఎడబాటో. కుటుంబ కథకు పుట్టుకలు, పంపకాలు, చావులు ఉన్నాయి. స్నేహానికి అలాంటి మజిలీలు లేవు. ఫలానా రోజు మొదలైందని చెప్పలేం. తెగిపోయినా ఎప్పుడు తెగిందో చెప్పలేం. మాటలు తగ్గుతాయి, బెంచీ మారుతుంది, ఒక పుట్టినరోజుకు పిలుపు రాదు. పదిహేనేళ్ల అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు దూరమైతే ఇంట్లో ఎవరూ పరామర్శించరు. 'ఇంకొకళ్లు దొరుకుతార్లే' అంటారు. నవల రాసేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. మొదలూ చివరా లేని బంధాన్ని మూడు వందల పేజీల్లో ఎలా పట్టుకోవాలి?

అమెరికాలో టీనేజ్ పిల్లల కోసం రాసేవాళ్లు ఈ చిక్కుకు వెతుక్కున్న జవాబుల్లో గట్టిది సమ్మర్ క్యాంపు. క్యాంపు ఒక రోజున మొదలవుతుంది, ఒక రోజున ముగుస్తుంది. ఆ రెండు రోజుల మధ్య అమ్మానాన్నలు ఉండరు, బడి ఉండదు, వీధిలోవాళ్లు ఉండరు. ఉన్నదల్లా పక్క మంచం మీది అమ్మాయి. స్నేహానికి మామూలుగా లేని మొదలు, నడక, ముగింపు మూడూ ఈ చోటు నుంచే దొరుకుతాయి. సరస్సు, పైన్ చెట్లు, చలిమంట చూసి ఇవి సెలవుల్లో కాలక్షేపానికి చదివే తేలికపాటి పుస్తకాలని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఆ అంచనాతో నేను ఏకీభవించను. ఆ వయసు ఆడపిల్లల జీవితంలో అన్నిటికన్నా బలమైన బంధాన్ని, ప్రేమకు మెట్టుగానో కుటుంబానికి అనుబంధంగానో కాక నేరుగా చూసే కథలు వీటిలో ఉన్నాయి.

క్యాంపు అంటే ఏ క్యాంపు

తెలుగు రాష్ట్రాల్లో సమ్మర్ క్యాంపు అంటే ఎక్కువగా పొద్దున పూట రెండు మూడు గంటల ఈతో, డ్రాయింగో, చెస్సో. ఎండ ముదిరేలోపు పిల్లలు ఇంటికి వచ్చేస్తారు. ఈ నవలల్లో క్యాంపు అది కాదు. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మానాన్నలు పిల్లని ఏ మెయిన్ రాష్ట్రంలోనో, న్యూ హాంప్‌షైర్‌లోనో ఒక సరస్సు ఒడ్డున దింపి వెళ్లిపోతారు. కొన్ని క్యాంపులు ఒక వారం, కొన్ని ఏడెనిమిది వారాలు. చెక్క క్యాబిన్లు, రెండంతస్తుల మంచాలు, ఒక్కో క్యాబిన్‌లో కొద్దిమంది అమ్మాయిలు. వాళ్లను చూసుకోవడానికి ఒక కౌన్సెలర్ ఉంటుంది. ఆమె కూడా చాలాసార్లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కాలేజీ అమ్మాయే. పొద్దున జెండా దగ్గర హాజరు, సరస్సులో ఈత పరీక్ష, పడవలు, విలువిద్య, పెద్ద హాల్లో బల్లల దగ్గర అందరూ కలిసి భోజనం, మధ్యాహ్నం ఇంటికి ఉత్తరాలు రాసే గంట, రాత్రి మంట చుట్టూ పాటలు. చాలా చోట్ల క్యాంపు మొత్తాన్ని రెండు రంగుల జట్లుగా చీల్చి రోజుల తరబడి పోటీలు పెడతారు. ఈ పద్ధతులన్నీ నవలల్లో అలాగే కనిపిస్తాయి. అమెరికన్ పాఠకురాలికి ఇవి చెప్పకుండానే తెలుసు గనుక రచయిత్రులు వీటిని వివరించరు. మనం మొదటిసారి చదివేటప్పుడు కొంచెం తికమక పడేది అందుకే.

ఈ ఏర్పాటుకు నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కనెక్టికట్‌లో బడి నడిపే ఫ్రెడరిక్ గన్ అనే ఉపాధ్యాయుడు 1861లో భార్య అబిగెయిల్‌తో కలిసి తన విద్యార్థులను సముద్రపు ఒడ్డుకు నడిపించుకెళ్లి గుడారాల్లో ఉంచాడు. మొదటి వ్యవస్థీకృత క్యాంపుగా దాన్నే ఎక్కువగా చెబుతారు. 1881లో న్యూ హాంప్‌షైర్‌లోని స్క్వామ్ సరస్సులో ఎర్నెస్ట్ బాల్చ్ మగపిల్లల కోసం చొకోరువా క్యాంపు పెట్టాడు. నగరాల్లో పెరిగే అబ్బాయిలు మెత్తబడిపోతున్నారన్నది అప్పటి పెద్దల భయం. ఆడపిల్లల క్యాంపులు నిలదొక్కుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1902లో లారా మట్టూన్ న్యూ హాంప్‌షైర్‌లో కెహోంకా క్యాంపు తెరిచింది. అదే ఏడాది మెయిన్‌లో వయోనెగానిక్ మొదలైంది, అది ఇప్పటికీ నడుస్తోంది. 1910లో లూథర్ గులిక్, షార్లెట్ గులిక్ దంపతులు క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే ఆడపిల్లల సంస్థను ప్రారంభించారు. 1912లో జార్జియాలోని సవానాలో 'జూలియెట్ గోర్డన్ లో' అనే ఆవిడ గర్ల్ స్కౌట్స్‌కు పునాది వేసింది.

ఈ తేదీల కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆ కాలంలో అమెరికాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు లేదు, అది 1920లో వచ్చింది. అలాంటి రోజుల్లో ఈ క్యాంపుల్లో చాలాచోట్ల పెత్తనమంతా ఆడవాళ్లదే. పడవ నడిపేది అమ్మాయి, కట్టెలు కొట్టేది అమ్మాయి, నిప్పు రాజేసేది అమ్మాయి. అబ్బాయి ఎలా చూస్తున్నాడో పట్టించుకోవాల్సిన అవసరం లేని చోటు ఒక్క వేసవికైనా దొరికింది. కథలూ వెంటనే అందుకున్నాయి. 1916 నుంచే హిల్డెగార్డ్ ఫ్రే క్యాంప్ ఫైర్ గర్ల్స్ మీద వరుస నవలలు రాసింది. అంటే ఈ సాహిత్యం దాదాపు ఆ క్యాంపులంత పాతది.

మూసిన లోకం, లెక్కపెట్టిన రోజులు

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో ఒక పుస్తకం రాశాడు. మనిషిని ఒక దశ నుంచి మరో దశకు దాటించే తంతులన్నీ మూడు అంకాల్లో నడుస్తాయన్నాడు. మొదట పాత చోటు నుంచి విడదీస్తారు. తర్వాత అటూ ఇటూ కాని మధ్య స్థితిలో ఉంచుతారు. చివరికి కొత్త హోదాతో వెనక్కి తెచ్చుకుంటారు. క్యాంపు నవలకు ఈ నమూనా అచ్చంగా సరిపోతుంది. కారు దిగి అమ్మకు టాటా చెప్పడం మొదటి అంకం. సరస్సు ఒడ్డున గడిచే వారాలు రెండోది. సెప్టెంబరులో మళ్లీ బడి మెట్లెక్కడం మూడోది.

ఈ మధ్య స్థితి నవలకు ఇచ్చేవి మూడు. మొదటిది, ఇక్కడ పాత గుర్తింపు పనిచేయదు. బడిలో పుస్తకాల పురుగుగా ముద్ర పడిన అమ్మాయి ఇక్కడ తుపాకీతో గురి కొట్టే పోటీలో మొదటి స్థానంలో ఉండొచ్చు. అక్క నీడలో పెరిగిన అమ్మాయికి ఇక్కడ అక్క లేదు. చాలా క్యాంపుల్లో కొత్త ముద్దుపేరు కూడా పెడతారు. పద్నాలుగేళ్ల పిల్లకు తనని తాను మళ్లీ పరిచయం చేసుకునే అవకాశం ఎంత అరుదో ఆలోచించండి. ఊరు చిన్నదైనా పెద్దదైనా, ఆ వయసుకు మన గురించి అందరికీ ఒక అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది. క్యాంపులో మొదటి వారం నవలల్లో అంత ఉత్సాహంగా ఉండటానికి కారణం అదే. ఇక్కడ దొరికే స్నేహితురాలు, ఈ కొత్త మనిషిని నిజమని నమ్మే మొదటి సాక్షి.

రెండోది సాంద్రత. బడి స్నేహం రోజుకు కొన్ని గంటలు, మధ్యలో ఇల్లు. క్యాంపు స్నేహం ఇరవైనాలుగు గంటలు. నిద్రలో ఎవరు కలవరిస్తారో, ఎవరు రాత్రి దుప్పటి కింద ఏడుస్తారో, ఎవరు తిండి సగం వదిలేస్తారో అన్నీ తెలిసిపోతాయి. దాచుకోవడానికి చోటు లేదు. రచయిత్రికి ఇది వరం. మామూలు నవలలో రెండేళ్లు పట్టే చనువును ఇక్కడ పది రోజుల్లో నమ్మించొచ్చు.

మూడోది ఫోన్. చాలా క్యాంపులు పిల్లల దగ్గర ఫోన్లు ఉంచనివ్వవు. ఇప్పటి టీనేజ్ కథల్లో ఫోన్ పెద్ద తలనొప్పి. అపార్థం పుట్టీ పుట్టగానే ఒక మెసేజ్‌తో తేలిపోతుంది, లేదా అంతా తెర మీదే జరిగి పేజీ మీద ఏమీ మిగలదు. ఫోన్ తీసేసిన చోట ముఖం చూడాలి, గొంతు వినాలి. ఇది కథల్లో మాటే కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు ఐదు రోజులు ఏ తెరా లేకుండా ప్రకృతి క్యాంపులో గడిపాక, అవతలివాళ్ల ముఖం, చేతల్లో భావాలు పట్టుకోవడంలో, ఎప్పటిలాగే తెరల మధ్య ఉన్న తోటివాళ్ల కన్నా మెరుగయ్యారని అందులో తేలింది. ఒక్క అధ్యయనం మీద గోపురాలు కట్టలేం. అయినా ఈ నవలల్లో పిల్లలు ఒకరి ముఖం ఒకరు అంత జాగ్రత్తగా ఎందుకు చదువుతారో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

మూడో అమ్మాయి

ఇక్కడి నుంచి అసలు విషయం. క్యాంపు నవల ఎంత మంచిదో చూడాలంటే నేను మంట దగ్గర పాటల అధ్యాయం చూడను. మూడో అమ్మాయిని ఎలా రాశారో చూస్తాను.

ఇద్దరు జట్టు కట్టిన చోట మూడో అమ్మాయి తప్పకుండా ఉంటుంది. క్యాంపులో ఆమెకు తప్పించుకునే దారి లేదు. బడిలో కటీఫ్ చెప్పించుకున్న పిల్ల సాయంత్రం ఇంటికి పోయి అమ్మమ్మ పక్కన కూర్చుంటుంది. క్యాంపులో కటీఫ్ చెప్పిన అమ్మాయి పై మంచం మీదే పడుకుంటుంది. పడవలో ఇద్దరికే చోటు. భోజనాల బల్ల దగ్గర పక్క కుర్చీ 'ఇది పట్టేసుకున్నాం' అంటారు. రాత్రి లైట్లు ఆర్పాక గుసగుసలు వినిపిస్తాయి, ఎవరి గురించో తెలియదు. ఇందులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. కౌన్సెలర్‌కు ఫిర్యాదు చేద్దామన్నా చెప్పడానికి ఏమీ ఉండదు.

మనస్తత్వ శాస్త్రం కూడా ఈ రకం గాయాన్ని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. పిల్లల గుంపుల మీద లోకమంతా చెప్పుకునే ప్రయోగం క్యాంపులోనే జరిగింది. 1954లో ముజఫర్ షెరీఫ్ బృందం ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ పార్కుకు పదకొండేళ్ల పిల్లలను 22 మందిని తీసుకెళ్లింది. ఈగల్స్, రాట్లర్స్ అని రెండు జట్లు చేసి పోటీలు పెడితే, వాళ్లు ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకునే దాకా వెళ్లారు. నీళ్ల సరఫరా ఆగిపోవడం లాంటి ఉమ్మడి కష్టాలు కల్పించాక మళ్లీ కలిశారు. ఆ 22 మందీ అబ్బాయిలే. జెండాలు తగలబెడితే కంటికి కనిపిస్తుంది, రాసుకోవచ్చు. పక్క కుర్చీ ఇవ్వకపోవడాన్ని ఎలా రాసుకోవాలి?

దానికి గట్టి కొలబద్ద 1990లలో వచ్చింది. 1995లో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ ఒక పరిశోధన ప్రచురించారు. కొట్టడం, తిట్టడంతోపాటు సంబంధాలనే ఆయుధంగా వాడటాన్ని, అంటే వెలివేయడం, చాడీలు చెప్పడం, 'నేను చెప్పింది చేయకపోతే నీతో మాట్లాడను' అనడం వంటివాటిని కూడా దూకుడుగానే లెక్కించాలని వాదించారు. అలా లెక్కిస్తే ఆడపిల్లలు మగపిల్లలకన్నా నెమ్మదస్తులన్న నమ్మకం నిలవలేదు. 2000 తర్వాత అమెరికాలో 'గయ్యాళి అమ్మాయిల' మీద పుస్తకాలు, సినిమాలు వెల్లువెత్తాయి. ఆ ఊపులో ఒక పొరపాటు అభిప్రాయం కూడా స్థిరపడింది, ఆడపిల్లల స్వభావమే అంత అని. తర్వాత ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు ఈ రకం దూకుడులో ఆడ మగ తేడా చాలా స్వల్పమని తేల్చారు. తేడా స్వభావంలో కన్నా దెబ్బలో ఉండొచ్చని నాకనిపిస్తుంది. స్నేహమే సర్వస్వమైన చోట, దాన్ని లాగేసుకోవడం ఎక్కువ నొప్పి పెడుతుంది. అందుకే ఒక అమ్మాయిని పుట్టుకతోనే దుర్మార్గురాలిగా చూపించి, చివర్లో సరస్సులోకి తోసి చప్పట్లు కొట్టించే క్యాంపు కథలు నాకు నచ్చవు. ఆమె ఎందుకంత భయపడుతోందో చెప్పే కథ కావాలి. తన చోటు పోతుందన్న భయం లేకపోతే ఎవరూ తలుపు మూయరు.

దీనికి మరో వైపు కూడా ఉంది, దాన్ని రాసేవాళ్లు ఇంకా తక్కువ. ఇద్దరు స్నేహితురాళ్లు రాత్రంతా మాట్లాడుకునే దృశ్యం ఈ నవలల్లో తప్పకుండా ఉంటుంది. ఒకరి కష్టం ఒకరు పంచుకుంటారు, మనసు తేలికపడుతుంది, స్నేహం గట్టిపడుతుంది. ఇంతవరకూ నిజమే. అమాండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో దీన్నే ఇంకాస్త లోతుగా చూసింది. ఒకే సమస్యను ఇద్దరూ కలిసి పదే పదే నెమరు వేసుకోవడం స్నేహాన్ని దగ్గర చేస్తుంది, అదే సమయంలో దిగులునూ పెంచగలదని ఆమె గమనించింది. 2007లో వచ్చిన తదుపరి అధ్యయనంలో, కాలక్రమంలో ఆడపిల్లల్లో ఈ రెండూ కలిసే పెరిగాయి. అబ్బాయిల్లో స్నేహం బలపడింది గానీ దిగులు అలా పెరగలేదు. అంటే ఓదార్చే స్నేహమే బరువు కూడా కావచ్చు. తన బాధ చెప్పుకున్న అమ్మాయి హాయిగా నిద్రపోతుంది, విన్న అమ్మాయి కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ ఉంటుంది. పదిహేనేళ్ల పిల్ల మీద ఇంకో పదిహేనేళ్ల పిల్ల బతుకు భారం పడటం, పెద్దవాళ్లకు చెబితే నమ్మకద్రోహం, చెప్పకపోతే టెన్షన్. ఈ ఇరకాటాన్ని తప్పించుకోకుండా రాసిన పుస్తకమే ఆ వయసు అమ్మాయికి నిజంగా తోడుగా నిలుస్తుంది.

అమ్మానాన్నల కథ నుంచి అమ్మాయిల కథకు

క్యాంపులో కలిసిన ఇద్దరమ్మాయిల కథ అనగానే లోకమంతటికీ గుర్తొచ్చేది జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1949లో ప్రచురించిన కవలల కథ. వియన్నా నుంచి వచ్చిన లూయీజె, మ్యూనిక్ నుంచి వచ్చిన లోట్టె ఒక వేసవి విడిదిలో ఎదురుపడతారు. ఇద్దరివీ ఒకే పోలికలు. మొదట పడదు, తర్వాత స్నేహం కుదురుతుంది, ఆ తర్వాత తాము విడిపోయిన అమ్మానాన్నల కవల పిల్లలమని తెలుసుకుంటారు. ఇద్దరూ స్థానాలు మార్చుకుని ఒకరింటికి ఒకరు వెళతారు. నాజీలు 1933లో తగలబెట్టిన పుస్తకాల్లో కెస్ట్‌నర్ పుస్తకాలున్నాయి. ఈ కథను అతను మొదట యుద్ధకాలంలో సినిమా కోసం రాసుకున్నాడు. డిస్నీ సంస్థ 1961లో దీన్ని 'ది పేరెంట్ ట్రాప్'గా తీసి అమెరికన్ సమ్మర్ క్యాంపులోకి మార్చింది. 1998లో మళ్లీ తీసింది. తెలుగువాళ్లకు ఈ కథ ఎప్పుడో తెలుసు. హరనాథ్, జమున నటించిన 1966 నాటి 'లేత మనసులు' ఈ వరుసలోదే. కుట్టి పద్మిని అందులో కవలలిద్దరుగానూ నటించింది.

ఈ కథ మీద నాకెంత ఇష్టమున్నా ఒక మాట చెప్పాలి. ఇందులో ఇద్దరు పిల్లల మధ్య బంధం ఒక పెద్ద పనికి సాధనం. ఆ పని అమ్మానాన్నలను కలపడం. విడిది కథకు గుమ్మం మాత్రమే, దాటగానే మరచిపోతాం. 'లేత మనసులు' చూసినవాళ్లనైనా అడిగి చూడండి, గుర్తుండేది ఇల్లు నిలబడిందా లేదా అన్నదే. ఆడపిల్లల స్నేహం చాలాకాలం ఇలా ఇంటికో, ప్రేమకో సేవ చేస్తూ వచ్చింది.

ఇటీవలి క్యాంపు పుస్తకాల్లో ఇది మారింది. 2014లో మొదలై 2020 దాకా సాగిన 'లంబర్‌జేన్స్' కామిక్ చూడండి. జో, ఏప్రిల్, మల్, మాలీ, రిప్లీ అనే ఐదుగురు ఒకే క్యాబిన్ పిల్లలు. అడవిలో వింత జంతువులు, అర్థంకాని పజిళ్లు, వాళ్ల వెనక పరుగెత్తలేక జెన్ అనే కౌన్సెలర్ పడే కంగారు. మొదట ఎనిమిది సంచికలతో సరిపెట్టాలనుకున్న ఈ కామిక్ 75 సంచికలు నడిచింది. కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డులు 2015లో రెండు వచ్చాయి. అందులో నాకు నచ్చింది సాహసం కన్నా, ఐదుగురిలో ఎవరినీ మిగతావాళ్ల కోసం చిన్నబుచ్చకపోవడం. ఒకరు లెక్కల్లో గట్టి, ఒకరికి నీళ్లంటే భయం, ఒకరికి ఇంటి దగ్గర సుఖం లేదు. ఏ ఒక్కరూ ఇంకొకరికి హంగుగా లేరు.

2015లో వచ్చిన మాగీ థ్రాష్ బొమ్మల ఆత్మకథ 'ఆనర్ గర్ల్' మరో దారి. 2000 సంవత్సరపు వేసవి, కెంటకీలోని ఒక ఆడపిల్లల క్యాంపు, పదిహేనేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల కౌన్సెలర్. స్నేహం, ఆరాధన, ప్రేమ ఎక్కడ వేరుపడతాయో ఆ అమ్మాయికే తెలియదు. తెలిశాక చుట్టూ ఉన్న లోకం ఊరుకోదు. క్యాంపు విముక్తి చోటని ఇంతసేపూ చెప్పాను, ఆ విముక్తికీ కంచె ఉందని ఈ పుస్తకం చూపిస్తుంది. అందరూ ఆడవాళ్లే ఉన్న చోట కూడా ఎలాంటి ఆడపిల్ల 'ఆదర్శం' అన్న కొలత ఒకటి ఉంటుంది.

2018 నాటి వెరా బ్రోస్గోల్ పుస్తకం 'బి ప్రిపేర్డ్' ఇంకాస్త చిన్న పిల్లలది, కానీ మూడో అమ్మాయి కథ ఇంత బాగా ఇంకెక్కడా నేను చదవలేదు. రష్యా నుంచి అమెరికాకు వలస వచ్చిన కుటుంబంలోని పిల్ల, డబ్బున్న స్నేహితురాళ్లందరూ క్యాంపులకు పోతుంటే తానూ పోవాలనుకుంటుంది. రష్యన్ పిల్లల కోసమే నడిచే క్యాంపు దొరుకుతుంది. అక్కడైనా అందరిలో కలిసిపోతానని ఆశ. తీరా ఆమెను పడేసిన గుడారంలో తనకన్నా పెద్దవాళ్లైన ఇద్దరమ్మాయిలు, ఇద్దరి పేరూ సాషాయే, ఏనాటి నుంచో ఒకరికొకరు ప్రాణం. మన భాష, మన తిండి, మన పాటలు ఉన్నంత మాత్రాన స్నేహం దొరకదు. ఈ ఒక్క సంగతి వలస కుటుంబాల పిల్లలకు ఎంత లోతుగా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వయసు సంగతి వచ్చింది గనుక ఒక మాట. అమెరికన్ ప్రచురణకర్తలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్ల పుస్తకాలను ఒక అరలో, పన్నెండు దాటి పద్దెనిమిది దాకా ఉన్నవాళ్లవి యంగ్ అడల్ట్ అరలో పెడతారు. క్యాంపు కథలు సరిగ్గా ఆ గోడ మీద కూర్చుంటాయి. మొదటి అరలో ఇంటిమీద బెంగ, ఈత భయం, స్నేహితురాలు దొరుకుతుందా అన్న ఆదుర్దా. రెండో అరలో శరీరం, ఆకర్షణ, మోసం, ఒక్కోసారి మరణం. అదే సరస్సు, అవే క్యాబిన్లు. పుస్తకం కొనేముందు పెద్దవాళ్లు చూడాల్సింది అట్ట మీది పడవ బొమ్మను కాదు.

ఎవరికి ఆ వేసవి, ఎవరికి లేదు

ఈ సాహిత్యంలో చాలాకాలం ఒకే రకం అమ్మాయి కనిపించింది: తెల్లజాతి, మధ్యతరగతికి పైన. కారణం క్యాంపులే. కొన్ని వారాల క్యాంపుకు వేల డాలర్లు అవుతాయి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఎన్నో క్యాంపులు నల్లజాతి పిల్లలను రానివ్వలేదు, యూదు పిల్లలకూ తలుపులు మూశాయి. యూదు కుటుంబాలు తమ క్యాంపులు తాము కట్టుకున్నాయి. మసాచుసెట్స్‌లో నల్లజాతి పిల్లల కోసం 1921లో అట్వాటర్ క్యాంపు వచ్చింది. ఇంకో మచ్చ కూడా ఉంది. అడవి బతుకు నేర్పుతున్నామంటూ చాలా క్యాంపులు అమెరికన్ ఆదివాసుల పేర్లు, ఈకల కిరీటాలు, 'సభా మంటలు' అరువు తెచ్చుకున్నాయి. అదే కాలంలో నిజమైన ఆదివాసీ పిల్లలను వాళ్ల భాష మరిపించే బోర్డింగ్ బడుల్లో పెట్టారు. పాత క్యాంపు నవలలు ఇప్పుడు చదివితే ఆ పేజీల దగ్గర మనసు చివుక్కుమంటుంది. కొత్త రచయిత్రుల్లో కొందరు ఈ చరిత్రను కథలోకే తెస్తున్నారు.

అమెరికాలో పెరిగే తెలుగు అమ్మాయిలు ఈ రెండు లోకాల మధ్యా ఉన్నారు. స్కౌట్ క్యాంపులకూ వెళతారు, చిన్మయ మిషన్ లాంటి సంస్థలు నడిపే శిబిరాలకూ వెళతారు. ఒకచోట పేరు మూడుసార్లు పలికి చూపించాలి, ఇంకోచోట ఆ అవసరం లేదు. రెండో చోటే స్నేహం సులువని అనుకుంటాం. ఇద్దరు సాషాల కథ గుర్తు చేసుకుంటే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

ఇక ఇక్కడ, తెలుగు రాష్ట్రాల్లో, ఆడపిల్లలు ఇల్లు వదిలి కలిసి ఉండే చోటు హాస్టలు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, సాంఘిక సంక్షేమ గురుకులాలు, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు. రెండంతస్తుల మంచాలు ఉన్నాయి, రాత్రి గుసగుసలూ ఉన్నాయి, మూడో అమ్మాయీ ఉంది. కానీ హాస్టల్లో ర్యాంకు ఉంది. పక్క మంచం అమ్మాయి స్నేహితురాలూ పోటీదారూ రెండూ. ఇంటర్ చదివే పిల్లకు వేసవి అంటే ఎంట్రన్స్ కోచింగ్. క్యాంపు నవలకు ఊపిరి ఏ ఉపయోగమూ లేని ఖాళీ సమయం. ఆ సమయాన్ని మనం పదిహేనేళ్ల ఆడపిల్లకు ఇవ్వడం లేదు, అందుకే ఆ కథలూ మన దగ్గర అంతగా పుట్టడం లేదని నా అభిప్రాయం.

పుట్టడానికి సరుకు లేక కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థినిగా భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది, 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. వార్తల్లో నిలిచింది ఆ శిఖరం, ఆ రికార్డు. నిలవాల్సిందే. కానీ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకున్న అమ్మాయిలు ఇంకా ఉన్నారు. ఎంపికైనవాళ్లు, వెనక్కి వచ్చినవాళ్లు, ఒకే గదిలో పడుకున్నవాళ్లు. వాళ్ల మధ్య ఏం జరిగి ఉంటుందన్న ఊహతో తెలుగులో ఒక టీనేజ్ నవల రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కొండ, గుడారం, గడువు, మూడో అమ్మాయి, అన్నీ అక్కడే ఉన్నాయి.

తిరుగు బస్సు తర్వాత

ఈ కథలు ఎక్కువగా తడబడేది వాన్ జెనెప్ చెప్పిన మూడో అంకంలో. చివరి రాత్రి మంట, కన్నీళ్లు, చిరునామాలు మార్చుకోవడం, 'వచ్చే ఏడాది మళ్లీ' అన్న వాగ్దానం. చాలా పుస్తకాలు అక్కడితో ఆపేస్తాయి. ధైర్యమున్న రచయిత్రి ఇంకో ముప్పై పేజీలు రాస్తుంది. సరస్సు దగ్గర తుపాకీ గురి పోటీలో గెలిచిన అమ్మాయి బడిలో మళ్లీ పుస్తకాల పురుగే. ఆ కొత్త మనిషిని చూసిన సాక్షి ఐదు వందల మైళ్ల దూరంలో ఉంది. ఒకప్పుడు ఉత్తరాలు వచ్చేవి, మొదట వారానికొకటి, తర్వాత పండక్కి ఒకటి. ఆ అరుగుదలను పేజీలో చూపించడానికి ఉత్తరం చక్కగా పనికొచ్చింది. తేదీలు చూస్తేనే పాఠకురాలికి అర్థమైపోయేది.

ఇప్పుడు తిరుగు బస్సు ఎక్కగానే ఫోన్లు చేతికి వస్తాయి, గ్రూపు తెరుచుకుంటుంది. క్యాబిన్‌లోని అమ్మాయిలంతా మరునాడు పొద్దున కూడా మాట్లాడుకుంటూనే ఉంటారు. గడువు ఉండటమే ఈ నవలకు ప్రాణమని మొదట్లో అన్నాను, ఆ గడువు ఇప్పుడు అంత గట్టిగా లేదు. స్నేహం ముగియదు, పల్చబడుతుంది. గ్రూపులో అందరూ ఉంటారు, ఇద్దరు మాత్రం విడిగా మాట్లాడుకుంటారు. మూడో అమ్మాయికి ఆ సంగతి ఒక ఫోటో చూశాకే తెలుస్తుంది. ఆ ఇద్దరూ అక్టోబరులో ఎక్కడో కలిశారు, తనకు చెప్పలేదు. మంట దగ్గర పాటలు, సరస్సు మీద వెన్నెల రాయడం ఇప్పటికే చాలామందికి బాగా వచ్చు. అక్టోబరు ఫోటోను రాయగలిగిన రచయిత్రుల కోసం ఈ సాహిత్యం ఎదురుచూస్తోంది.